కూర్పు ఎవరి గుమ్మంలో ఆగింది

సోమవారం. తూర్పు గాలి, మంచి ఎండ.

ఇవాళ నాకు పండగే. కూర్పును విప్పి చూసుకోమని చక్రరావుగారు తన నోటితో తానే అన్నారు. ఎన్నాళ్ళ నుంచి అడుగుతున్నానో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఎప్పుడడిగినా "పనిచేసేదాన్ని కెలక్కు అమ్మాయ్" అనేవారు. ఇవాళ వేరే దారి లేక ఒప్పుకున్నారు. ఆ దారి ఎందుకు లేకుండా పోయిందో తల్చుకుంటే సంబరపడటం తప్పేనేమో. చిట్టాలో అబద్ధం రాయకూడదు కాబట్టి సంబరపడ్డాననే రాస్తున్నాను.

తర్వాతెప్పుడో ఈ చిట్టా చదివేవాళ్ళ కోసం: నా పేరు మల్లాడి ధనకుమారి. పంట్లపేటలో పనిముట్లు చూసేదాన్ని. పనిముట్లంటే సుత్తులూ రంపాలూ కావు. నల్లతెర మీద ఒక మాట కొడితే వెళ్ళి పని చేసుకొచ్చే ఆదేశాలు. అవి పాడైతే జనం నన్ను తిడతారు, బాగుంటే నేనొకదాన్ని ఉన్నానని కూడా గుర్తుండదు.

పొద్దున్న రేడియోలో చెప్పారు. దక్షిణాన వాయుగుండం పట్టిందట, శుక్రవారానికి తుఫానై మన మీదికి వస్తుందట. వేరే ఊళ్ళవాళ్ళయితే మూటలు కట్టుకుని లోపలికి పోతారు. మాకు పోవడానికి నేలేదీ? ఊరంతా నీళ్ళ మీద తేలే పంట్ల మీదే ఉంది. ఇంటికో పంటు, పంటుకీ పంటుకీ మధ్య ఇనప కీళ్ళు. తుఫాను ముందు ఆ కీళ్ళు వదులు చెయ్యాలి. బిగువుగా ఉంటే పెద్ద అలకి విరిగిపోతాయి. మరీ వదులైతే పంట్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. ఆ రోజు పంటు మీద ఎంత బరువుందో చూసి, దానికి తగ్గ లెక్క కట్టి, కీలు మోటారుకి ఎక్కించాలి. ఆ పని చేసేదే కూర్పు. తెర మీద "కూర్పు" అని కొట్టి, పక్కన పంటు పేరు కొట్టి, ఎంటర్ నొక్కడమే.

నొక్కాక మాత్రం ఎదురుచూడాలి. కూర్పు కొట్టేసి వెళ్ళి బట్టలు ఆరేసుకొచ్చేవాళ్ళున్నారు. కీళ్ళు సర్దుకునేది ఏడాదికి ఒకటి రెండు సార్లే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. పైగా ఒక పంటు లెక్క తేలితే గానీ దాని అవతలి పంటు లెక్క తేలదు. నడిమధ్య మొదలుపెట్టి, ఒకటి తర్వాత ఒకటిగా బయటికి వెళ్ళాలి. అన్నీ ఒకేసారి కొట్టేస్తానంటే కుదరదు.

చక్రరావుగారు కీళ్ళ అధికారి. ఏ కీలు ఎప్పుడు బిగించాలో, ఎప్పుడు వదలాలో ఆయన మాటే ఆఖరు. మధ్యాహ్నం నన్ను పిలిచి గోడ మీద సుద్దతో గీసి చూపించారు. వేటకెళ్ళిన పడవలన్నీ వచ్చి పంట్ల మీదికి ఎక్కేసరికి బుధవారం రాత్రవుతుంది. అప్పటిదాకా బరువులు తేలవు. కూర్పు పని గురువారం పొద్దున్న మొదలుపెట్టి చీకటి పడేలోపు ముగించాలి. ఇప్పుడున్న నడకతో లోపలి వరసలు మాత్రమే అవుతాయి.

"ఆఖరి వరస అవదమ్మాయ్," అన్నారు సుద్దముక్క కింద పెట్టి. "మనుషుల్ని లోపలికి తెచ్చేద్దాం. పంట్లు వదిలేద్దాం."

వదిలెయ్యడం అంటే కీళ్ళు కోసేసి సముద్రానికి ఇచ్చెయ్యడం. అది దుర్మార్గం కాదు. బిగిసిన కీళ్ళతో ఉంచితే ఆఖరి వరస తనతోపాటు పక్క వరసని కూడా లాక్కుపోతుంది. ఆ వరసలో పీతల తొట్లున్నాయి, వలలు అల్లేవాళ్ళ ఇళ్ళున్నాయి, పేరంటాలు మామ్మ ఇల్లుంది, పక్కనే నా ఇల్లుంది.

"కూర్పును నేను పరిగెత్తిస్తానండి. నాకు గురువారం దాకా టైమివ్వండి," అన్నాను.

"దానికే జబ్బూ లేదు. ఇదిగో చూడు."

కూర్పు పని ముగించాక తెర మీద ఒక వాక్యం రాస్తుంది. పని పూర్తయింది, పట్టిన సమయం రెండు సెకన్లు. ఆయన వేలు ఆ రెండు సెకన్ల మీదే ఉంది. ఆలస్యమంతా తెరలదీ తీగలదీనట. సముద్రపు గాలికి తుప్పు పట్టిపోయి, రాత పైకి రావడానికే అంతసేపు పడుతోందట.

"కావాలంటే విప్పి చూసుకో," అన్నారు. అన్నారంతే, నేను మెట్లు దిగేశాను.

మంగళవారం. గాలి నిలకడగా ఉంది. నేనే నిలకడగా లేను.

సాల్మన్ వచ్చాడు. ఊళ్ళో కీళ్ళన్నిటికీ గ్రీజు పెట్టేది వాడే. నాతోపాటు చదువుకుని, చదువు మీద కోపంతో గ్రీజు డబ్బా పట్టుకున్నాడు. వేయించిన ఎండుచేపలు పొట్లం కట్టుకొచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

"ఏటే ధనా, దాని పొట్ట కోత్తన్నావంట."

"కోసేముందు నాడి చూడాలిరా. గడియారం ఇటివ్వు."

కూర్పు తన గురించి తాను చెప్పుకునేది నమ్మకూడదని మొదట అనుకున్నాను. బయట నుంచి కొలవాలి. సాల్మన్ గడియారం ముందు పెట్టుకుని నా పంటు మీదే కొట్టాను. పొట్లంలో చేపలు సగం అయిపోయాయి, తెర మీద గీత మిణుకుమంటూనే ఉంది. పావుగంట కావొస్తుండగా కూర్పు లేచి, గబగబా నాలుగు వరసలు రాసి, పట్టిన సమయం రెండు సెకన్లు అని గర్వంగా చెప్పుకుంది.

"అబద్ధాలాడతంది," అన్నాడు సాల్మన్.

అబద్ధం కాదని నా అనుమానం. ఎక్కడి నుంచి లెక్కపెడుతోందో అదే తెలియాలి. ఇంక ఒక్కొక్కటే అడ్డు తీసుకుంటూ వెళ్ళాను. ఊరు పెరిగి లెక్క పెద్దదైందని కొందరంటారు కదా, పెద్ద పంటు వదిలేసి ఎవరూ లేని ఖాళీ తెప్ప పేరు కొట్టాను. అంతే సేపు. నిల్వపెట్టె నెమ్మదైందేమోనని కూర్పును కొత్త పెట్టెలోకి కాపీ చేసి కొట్టాను. అంతే సేపు. పోయినేడు సాల్మన్ కొత్త తీగలు వేసిన తెర దగ్గరికి వెళ్ళి కొట్టాను. అక్కడా అంతే. చక్రరావుగారి తుప్పు సంగతి అక్కడితో సరి.

అప్పుడొకటి తట్టింది. ఏ పనీ చెప్పకుండా దాని పేరు మాత్రం అడిగితే? "కూర్పు పేరు" అని ఒక ఆదేశం ఉంది. కొత్తగా చేరినవాళ్ళకి చూపించడానికి తప్ప ఎవరూ వాడరు. బరువు చూడక్కర్లేదు, లెక్క కట్టక్కర్లేదు, మోటారు జోలికి పోనక్కర్లేదు. నేను కూర్పును, నాలుగో కూర్పును, అని ఒక్క మాట చెప్పాలి.

దానికీ పావుగంటే పట్టింది.

కుర్చీలోంచి లేచి సాల్మన్ వీపు మీద ఒక్కటి చరిచాను. వాడికి చేపముల్లు అడ్డంపడి దగ్గాడు. తన పేరు చెప్పుకోవడానికి కూడా ఇంతసేపు తీసుకుంటోందంటే జబ్బు పనిలో లేదు. పని మొదలుపెట్టక ముందే ఎక్కడో కూర్చుండిపోతోంది. ఊరు పెరగడం, లెక్క లావెక్కడం, అదంతా ఉత్త మాట.

"వెనక తీగ పీకు," అన్నాను.

"ఏ తీగ?"

"ఊరితో మాట్లాడే తీగ. పీకెయ్."

పీకాడు. "కూర్పు పేరు" కొట్టాను. ఎంటర్ మీంచి వేలు తీసేలోపే జవాబు తెర మీద ఉంది. సాల్మన్ నోరు తెరిచేశాడు. నేను తీగ పెట్టించి, పీకించి, మళ్ళీ పెట్టించి, మళ్ళీ పీకించాను. నాకు నమ్మకం కుదరక కాదు, చూడ్డానికి అంత బాగుంది. తీగ ఉంటే పావుగంట, లేకపోతే చిటికె. కూర్పు ఊళ్ళో ఎవరినో అడుగుతోంది. ఆ ఎవరో జవాబివ్వడం లేదు. ఎవరో రేపు పట్టుకుంటాను. నిద్ర పట్టేలా లేదు గానీ పడుకుంటాను.

బుధవారం పొద్దున్న. గాలి కొంచెం పెరిగింది.

నా దగ్గర దొంగచెవి అని ఒక పనిముట్టుంది. వేరే పనిముట్టు ఏమేం అడుగుతోందో, ఎవరితో మాట్లాడుతోందో పక్కన నిలబడి వింటూ అంతా రాసిపెడుతుంది. కూర్పు మీదికి దాన్ని వదిలాను. తెర నిండా అర్థంలేని గీతలు జారిపోతుంటే కళ్ళార్పకుండా చూస్తున్నాను. ఉన్నట్టుండి జారడం ఆగింది. ఆఖరి గీత ఇలా ఉంది: గరికిన గవరయ్యగారికి నమస్కారం, మొదలెట్టమంటారా.

కాసేపటికి: జవాబు లేదు.

ఆ తర్వాత: ఓలేటి భూషణంగారికి నమస్కారం, మొదలెట్టమంటారా. మళ్ళీ నిశ్శబ్దం. జవాబు లేదు. తర్వాత తిర్రి రామతులసమ్మగారికి. తర్వాత ఇంకొకరికి. గవరయ్య తాత పోయి రెండేళ్ళయింది. భూషణంగారు చక్రరావుగారి నాన్న, ఆయన పోయినప్పుడు నేను బళ్ళో ఉన్నాను. కూర్పు పొద్దున్నే లేచి చనిపోయినవాళ్ళ ఇళ్ళ చుట్టూ తిరుగుతోంది.

ఇది అచ్చంగా మావాళ్ళు చేసే పని. మా ఊళ్ళో పెద్దవాళ్ళని పలకరించకుండా ఏ పనీ మొదలుపెట్టరు. కీలు విప్పాలన్నా, వల దించాలన్నా, ఆ పని తెలిసిన పెద్దల గుమ్మం దగ్గర ఒక మాట చెప్పి వెళతారు. కూర్పును రాసినవాళ్ళు దానికీ ఆ మర్యాదే నేర్పారు. రాయడంలో చెయ్యి వేసిన ప్రతి ఒక్కరి ఇంట్లో ఒక చిన్న పెట్టె ఉంటుంది. కూర్పు నమస్కారం పెడితే, ఆ మనిషి ముందే అందులో రాసిపెట్టుకున్న మాటతో పెట్టె బదులు చెబుతుంది. మనిషి పోయినా ఇంటివాళ్ళు పెట్టెను అటక మీద ఉంచుకుంటారు. ఉప్పుగాలికి పెట్టెలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి. ఒక్కో పెట్టె చచ్చినప్పుడల్లా కూర్పు ఇంకో గుమ్మంలో ఊరికే నిలబడుతుంది. ఏటేటా కాస్త కాస్తగా పెరిగింది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

ఎంతసేపు నిలబడాలో కూడా రాసిపెట్టారు. లోపలున్న మనిషి గుమ్మంలోకి రావడానికి పట్టేంత సేపు అని, దాని పక్కన ఇరవై సెకన్లు అని. దాని కిందే ఇంకో మాట: నమస్కారం పనిలోకి రాదు, సమయం ఆ తర్వాత నుంచి లెక్కపెట్టాలి. అందుకే రెండు సెకన్లట. అది చదివి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎంత మర్యాదస్తులు.

చక్రరావుగారి దగ్గరికి పరిగెత్తాను. పంట్ల మీద పరిగెత్తకూడదని చిన్నప్పుడు నేర్పారు, నేను ఎన్నడూ నేర్చుకోలేదు. ఆయన తెర మీద పేర్లు చదువుతూ చదువుతూ భూషణంగారి పేరు దగ్గర ఆగి కళ్ళద్దాలు తీశారు.

"చనిపోయినవాళ్ళ పేర్లు తీసేస్తే చాలండి," అన్నాను. "రేపు మధ్యాహ్నానికి ఊరంతా అయిపోతుంది."

"నా చేత్తో మా నాన్న పేరు కొట్టెయ్యమంటావా?"

"ఆఖరి వరసని కొట్టెయ్యడానికి లేచిన చెయ్యేగా," అన్నాను. ఇంత మాట అనకుండా ఉండాల్సింది. ఆయన కోప్పడలేదు, అదే నాకు ఇంకా కష్టంగా అనిపించింది.

"పేరు తియ్యాలంటే ఆ ఇంటివాళ్ళు ఒప్పుకోవాలి. అది నేను పెట్టిన రూలు కాదు, మార్చడానికి నాకు అధికారం లేదు," అన్నారు నెమ్మదిగా. "మొదటి పేరు గవరయ్యగారిది. కూర్పు ఆయన మొదలెట్టిందే. ఆయన ఇంటావిడ పేరంటాలు మామ్మ సరేనంటే మిగతా ఇళ్ళవాళ్ళు కాదనరు. నేనూ కాదనను. వెళ్ళి అడుగు."

బుధవారం మధ్యాహ్నం.

మామ్మ పీతల తొట్టి మూతకి తాడు బిగిస్తోంది. ఇల్లు వదిలి లోపలికి రమ్మని రెండుసార్లు కబురొచ్చినా కదల్లేదు. లోపల అటక మీద గవరయ్య తాత పెట్టె, దాని మీద తువ్వాలు. దాని సౌరపలకని ఇప్పటికీ రోజూ తుడిచి ఎండలో పెడుతుంది. ఆ పెట్టె చచ్చిపోయిందని దొంగచెవి చెప్పిన సంగతి నాకు తెలుసు. ఆవిడతో ఆ మాట అనలేకపోయాను. దానికి బదులు అంతకన్నా పెద్ద మాట అనేశాను.

"మామ్మా, తాత పేరు కూర్పులోంచి తియ్యాలి."

తాడు బిగించడం ఆపలేదు. "తీత్తే?"

"ఆఖరి వరస నిలబడుద్ది. నీ ఇల్లు నిలబడుద్ది."

"ఇల్లు నిలబడాలంటే ఇంటాయన్ని తీసెయ్యాలంటావ్."

ఆవిడ పక్కన కూలబడి తాడు రెండో కొస పట్టుకున్నాను. కాసేపు ఇద్దరం ముడులే వేశాం.

"ఇంతకీ అదేం చేత్తందే అక్కడ?" అంది చివరికి.

"మీ గుమ్మంలో నిలబడుద్ది మామ్మా. మొదలెట్టమంటారా అని అడుగుద్ది. తాత బయటికొస్తాడేమోనని చూస్తా ఉంటది."

"బయటికా? మీ తాతా?" మామ్మ తాడు వదిలేసి నవ్వడం మొదలుపెట్టింది. "ఆయన కంచం ముందు కూకున్నాడంటే ఇల్లంటుకున్నా లేచేవోడు కాదే. కుర్రోళ్ళు వల బుజానేసుకుని ఆ దారమ్మట పోతా కేకేసేవోళ్ళు, మావా ఎల్తన్నాం అని. ఈయన ముద్ద నోట్లో ఎట్టుకుని లోపల్నుంచే ఏదో అరిసేవోడు. ఆళ్ళకి ఇనపడేదో లేదో. అప్పటికి ఆళ్ళు పడవ దగ్గరుండేవోళ్ళు. నిలబడితే పోటు దాటిపోదూ?"

"మరి పలకరించాలి కదా?"

"పలకరించారుగా. నిలబడమని ఎవరు సెప్పారు?"

నేను లేచి నిలబడ్డాను. కేక వెయ్యాలి, నడుస్తూనే ఉండాలి. అందరికీ ఒకేసారి నమస్కారం పెట్టి, ఎవరి జవాబు కోసమూ ఆగకుండా పనిలోకి దిగాలి. చెవి మాత్రం తెరిచి ఉంచాలి. ఒక్క పేరు కూడా తియ్యక్కర్లేదు. ఇంత చిన్న సంగతి నాకు పొద్దున్నే ఎందుకు తట్టలేదని నన్ను నేను తిట్టుకుంటూ, ఆనందంతో కేక పెడుతూ, పంట్ల మీద పడి పరిగెత్తాను.

"పేరు గానీ తీసావంటే ఊరుకోనేయ్," అని వెనక నుంచి మామ్మ అరుస్తోంది.

బుధవారం సాయంత్రం. గాలి దిక్కు మారింది.

కూర్పు రాతలో మార్చాల్సింది కొద్ది వరసలే. మార్చేశాను. సాల్మన్నీ చక్రరావుగారినీ నిలబెట్టి నా పంటు పేరు కొట్టాను. రెండు సెకన్లు. కూర్పు చెప్పినా రెండే, గడియారం చెప్పినా రెండే. సాల్మన్ స్టూలు తన్నేసుకుని లేచాడు. నేను గాల్లో ఉన్నాను.

చక్రరావుగారు మాత్రం "దొంగచెవి పెట్టి చూపించు" అన్నారు.

పెట్టాను. నా మొహం మాడిపోయింది. నమస్కారాలు ఒక్కటి కూడా బయటికి పోలేదు. పెట్టబోయేలోపే పని అయిపోయింది, పని అయిపోగానే కూర్పు తలుపేసుకుని వెళ్ళిపోయింది, నమస్కారాలన్నీ నోట్లోనే ఉండిపోయాయి.

"దీన్ని ఎగ్గొట్టడం అంటారమ్మాయ్," అన్నారు ఆయన.

ఆయన అన్నది నిజమే. తిట్టుకుంటూ మళ్ళీ కూర్చున్నాను. ఈసారి పలకరింపును కూర్పులోంచి విడదీసి, దాని పక్కనే నడిచే వేరే చిన్న పనిముట్టుగా రాశాను. కూర్పు తన పని చూసుకుని వెళ్ళిపోవచ్చు. ఇది మాత్రం నమస్కారాలన్నీ అందించి జవాబుల కోసం కూర్చుంటుంది. ఎవరైనా ఏమైనా అంటే ఆ మాటని తెర అడుగున రాస్తుంది. ఇదివరకు కూర్పు ఆ మాటల్ని చదవకుండానే పారేసేది. ఏదో ఒకటి అన్నారా లేదా అన్నంతవరకే దానికి కావాలి.

"ఎంతసేపు కూర్చుంటుంది?" అని చక్రరావుగారు అడిగారు.

"చెప్పేదాకా," అన్నాను. గడువు పెడితే దాని మీద మళ్ళీ వాదన పెట్టుకోవాలి, నాకు ఓపిక లేదు.

ఈసారి ఆయనే కూర్చుని కొట్టారు. దొంగచెవి తెర మీద పేర్లన్నీ ఒక్కసారిగా పరుచుకున్నాయి. భూషణంగారికి నమస్కారం, మొదలెట్టమంటారా. ఆ గీత మీద ఆయన కాసేపు వేలు పెట్టి ఉంచారు. బతికున్న పెద్దల పెట్టెల నుంచి జవాబులు టపటపా వచ్చి పడ్డాయి. కానివ్వండి అని ఒకరు, జాగ్రత్త అని ఒకరు, గ్రీజు చూసుకోండి అని ఒకరు.

"రేపు దీనితోనే చేద్దాం," అన్నారు తెర కట్టేసి లేస్తూ. "ఆఖరి వరసతో సహా."

గురువారం. గాలి గట్టిగా ఉంది, మబ్బు కమ్మింది.

రాయడానికి తీరిక లేదు. పొద్దున్నే నడిమధ్య పంటు నుంచి మొదలుపెట్టాం. నేను కొట్టడం, సాల్మన్ కీలు మీద చెయ్యి పెట్టి "వదిలింది" అనడం, పక్క పంటు మీదికి దూకడం. ఇంతే పని. తెర అడుగున పెద్దవాళ్ళ మాటలు వస్తున్నాయో లేదో చూసే వ్యవధి కూడా లేదు, కొట్టిన తెర కట్టేసి పోతున్నాం. భోజనాల వేళకి ఆఖరి వరసలో ఉన్నాం. సాల్మన్ గొంతు బొంగురుపోయింది. వరస చివర మామ్మ పంటు మీద ఆఖరి కీలు మెత్తగా వదిలినప్పుడు వాడూ నేనూ పిచ్చివాళ్ళలా గెంతాం. మామ్మ తొట్టి మూతలు ఇంకోసారి చూసుకుని, మా ఇద్దరి భుజాలూ పట్టుకుని లోపలికి నడిచింది. చక్రరావుగారు గోడ మీది సుద్దగీతలు తడిగుడ్డతో తుడిచేశారు.

శుక్రవారం. తుఫాను.

అందరం నడిమి హాల్లో ఉన్నాం. అద్దంలోంచి ఆఖరి వరస కనబడుతోంది. పైకి లేస్తోంది, మాయమవుతోంది, మళ్ళీ లేస్తోంది. లేచిన ప్రతిసారీ హాల్లో ఎవరో ఒకరు ఊపిరి వదులుతున్నారు. హాలు ఊగుతోంది, రాత బాగోలేదు.

ఆదివారం. గాలి లేదు. ఆకాశం కడిగినట్టుంది.

అన్నీ ఉన్నాయి. ఒక్క పంటు కూడా పోలేదు. మామ్మ తొట్లలో పీతలు కొన్ని చచ్చాయి, నా ఇంటి రేకు ఒకటి ఎగిరిపోయింది, సాల్మన్ గొంతు ఇంకా రాలేదు. పొద్దున్న హాలు తలుపులు తీశారు. ఆఖరి వరస వాళ్ళు ఒకళ్ళ చేతులు ఒకళ్ళు పట్టుకుని వాళ్ళ వాళ్ళ ఇళ్ళకి నడిచి వెళ్ళారు. నేను ఏడ్చాను, దాచుకోలేదు.

ఇవాళ కీళ్ళు మళ్ళీ బిగించుకోవాలి. బిగించేటప్పుడు బయట నుంచి లోపలికి రావాలి కాబట్టి మామ్మ పంటే మొదటిది. తొందరేమీ లేదు. మామ్మ లోపల పొయ్యి వెలిగించింది, బతికిన పీతల్లోంచి నాలుగు పెద్దవి కూరకి తీసింది. సాల్మన్ కీలు దగ్గర కూర్చున్నాడు. నేను కొట్టాను, కూర్పు రెండు సెకన్లలో పని ముగించింది, కీలు బిగిసింది. తెర అడుగున బతికున్న పెద్దల మాటలు వచ్చాయి. తెర కట్టెయ్యబోతుంటే మామ్మ కూర రుచి చూడమని గరిటె పట్టుకొచ్చింది. ఉప్పు సరిపోయిందని చెప్పి మళ్ళీ తెర వైపు తిరిగాను.

కింద కొత్త గీత ఒకటుంది.

గరికిన గవరయ్య: ముందు అన్నాలు తినండ్రా, పనెక్కడికి పోద్ది.

లోపలికి పరిగెత్తి అటక మీద తువ్వాలు తీశాను. పెట్టె మీద చిన్న దీపం సన్నగా వెలుగుతోంది. బ్యాటరీ నీరసించిపోయి, అది నిద్ర లేవడానికే అర నిమిషం పడుతోంది. ఈ రెండేళ్ళూ అది ప్రతి నమస్కారానికీ బదులు చెబుతూనే ఉంది. కూర్పు ఇరవై సెకన్లు నిలబడి, సరిగ్గా అది లేచేలోపు గుమ్మం దిగి వెళ్ళిపోతోంది.

మామ్మకి తెర మీద గీత చదివి వినిపించాను. ఇంకోసారి చదవమంది. చదివాను. పమిటతో మొహం తుడుచుకుంది. పీత కూర మాడుతున్న వాసన వస్తున్నా కదల్లేదు. తర్వాత తెర వైపు చూసి తల ఊపింది.

"ఆయనెప్పుడూ ఇంతేనే," అంది. "పనంతా అయిపోయాక లేత్తాడు."